తప్పు ప్రాసెసర్‌ది కాదు



పాత కంప్యూటరు ఏదైనా పలకడం మానేస్తే ఇంట్లో ముందుగా వినపడే మాట, "ప్రాసెసర్ పోయినట్టుంది." లోపలి భాగాల్లో మనకు పేరు తెలిసింది అదొక్కటే కాబట్టి నేరం దాని నెత్తిన వేసేస్తాం. నలభై ఏళ్ల కిందటి పోర్టబుల్ కంప్యూటర్లు విప్పి బాగుచేసేవాళ్లని అడగండి, వేరే మాట చెబుతారు. వాటిలో ప్రాసెసర్ పోయినవి అరుదు. పోయేది కరెంటు వచ్చే దారి. బ్యాటరీ కారుతుంది, కండెన్సర్లు కారతాయి, వాటి కిందుగా వెళ్లే రాగి ట్రాకులు తినుకుపోతాయి. అదీ వాడుతున్న రోజుల్లో కాదు. వాడటం మానేసి, గుడ్డలో చుట్టి అటక ఎక్కించాక మొదలవుతుంది. భద్రంగా దాచామనుకుంటాం చూడండి, అసలు నష్టం అప్పుడే జరుగుతుంది.

ఇవాళ అలాంటి యంత్రం ఒక్కదాని గురించే మాట్లాడతాను. పేరు టీఆర్ఎస్-80 మోడల్ 100. 1983లో, అమెరికాలో రేడియో షాక్ దుకాణాలు నడిపిన టాండీ కంపెనీ దీన్ని అమ్మకానికి పెట్టింది. తయారుచేసింది మాత్రం జపాన్‌లోని క్యోసెరా. దాదాపు ఇదే యంత్రం ఎన్ఈసీ పేరుతో పీసీ-8201గానూ, ఒలివెట్టి పేరుతో ఎం10గానూ కూడా వచ్చింది. ఎనిమిది కిలోబైట్ల మెమరీతో కొంటే 1,099 డాలర్లు, ఇరవై నాలుగు కిలోబైట్లతో 1,399 డాలర్లు. మెగాబైట్లు కావు, కిలోబైట్లే. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

అయినా ఆ రోజుల లెక్కలో ఇది గొప్ప వస్తువు. దానికి రెండేళ్ల ముందు వచ్చిన ఆస్బోర్న్ 1 కూడా పోర్టబుల్ కంప్యూటరే. కానీ బరువు పదకొండు కిలోలు, గోడకు ప్లగ్గు లేకపోతే కదలదు. మోడల్ 100 రెండు కిలోలకు లోపే. రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్లు నాలుగు వేస్తే దాదాపు ఇరవై గంటలు నడిచేది. తెర మీద ఎనిమిది వరసలు, వరసకు నలభై అక్షరాలు. లోపలే మోడెమ్. అమెరికాలో పత్రికా విలేఖరులు దీన్ని సంకలో పెట్టుకుని తిరిగారంటే ఆ మోడెమ్ వల్లే. వార్త టైపు చేసి, టెలిఫోను లైనుకు తగిలిస్తే సెకనుకు సుమారు ముప్పై అక్షరాల చొప్పున ఆఫీసుకు చేరేది. మూడు వేల అక్షరాల వార్తకు రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు.

ఇందులోని సాఫ్ట్‌వేరు మైక్రోసాఫ్ట్‌ది. బిల్ గేట్స్ కూడా కూర్చుని రాశాడు. కోడ్‌లో చాలా భాగం తన చేత్తో రాసిన ఆఖరి యంత్రం ఇదేనని తరువాత ఒక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు. అదంతా కలిపి ముప్పై రెండు కిలోబైట్ల రోమ్‌లో, అంటే చెరపడానికి వీల్లేని చిప్పులో ఇమిడింది. అందుకే స్విచ్ వేసిన మరుక్షణం మెనూ ప్రత్యక్షమవుతుంది. ఈ విషయంలో ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లు దీని ముందు దిగదుడుపే.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు దీనితో ఒక చుట్టరికం ఉంది. దీని ప్రాసెసర్ 80సీ85. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ట్రైనర్ కిట్ ముందు కూర్చుని, హెక్సాడెసిమల్‌లో ఒక్కొక్క బైటూ కొడుతూ, రెండు అంకెలు కూడించడానికి పూటంతా గడిపాం కదా, ఆ 8085కి ఇది తోబుట్టువు. తేడా అల్లా కరెంటు దగ్గర. మామూలు 8085 ఒక్కటే వంద మిల్లీ ఆంపియర్లు దాటి లాగగలదు. సీమాస్ పద్ధతిలో చేసిన 80సీ85 అందులో చిన్న వంతుతో సరిపెట్టుకుంటుంది. అందుకే యంత్రం మొత్తం నాలుగు పెన్సిల్ సెల్లతో నడిచింది. ల్యాబ్‌లో నేర్చుకున్నది ఎప్పుడు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇదొక జవాబు. మార్కులకు మించి పనికొస్తుందని ల్యాబ్ అసిస్టెంటు అప్పట్లో ఒక్కసారీ చెప్పిన పాపాన పోలేదనుకోండి.

నా చేతికి వచ్చిన మోడల్ 100 మా పెదనాన్నగారి అబ్బాయిది. ఆ రోజుల్లో అమెరికాలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చేశారు. అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి, "చూడరా తమ్ముడూ, ప్రాసెసర్ పోయినట్టుంది, దొరుకుతుందా?" అన్నారు. "దొరకడం సంగతి తరవాత అన్నయ్యా, ముందు సెల్లు ఎప్పుడు తీశారు?" అని అడిగాను. తియ్యలేదు. అందులోనే ఉన్నాయి.

విప్పకముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. చచ్చిపోయిందనుకున్న మోడల్ 100లు కొన్ని అసలు చావనే లేదు. దీని అడుగున, వేలి గోటితో జరపాల్సిన చిన్న స్విచ్ ఒకటుంది. మెమరీ పవర్ స్విచ్ అంటారు. అది ఆఫ్‌లో ఉంటే మెయిన్ స్విచ్ ఎన్నిసార్లు వేసినా ఏమీ జరగదు. ఇంకొకటి, పది నిమిషాలు ఏ కీ నొక్కకపోతే సెల్లు ఆదా చేయడానికి యంత్రం తనంతట తానే ఆరిపోతుంది. అప్పుడు స్విచ్ చూస్తే ఆన్‌లోనే ఉంటుంది, తెర మాత్రం తెల్లమొహం వేస్తుంది. స్విచ్‌ని ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ వేస్తే లేస్తుంది. పక్కన కాంట్రాస్ట్ చక్రం ఒక చివరకు తిరిగి ఉన్నా తెర ఖాళీగానే కనిపిస్తుంది. ఈ మూడూ చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు పనిమంతుడు కాడని నా అభిప్రాయం.

అడాప్టర్ విషయం ఇంకా ముఖ్యం. దీనికి ఆరు వోల్టుల డీసీ కావాలి. పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి. మన ఇళ్లలో తిరిగే అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్యలో పాజిటివ్ ఉన్నవే. ప్లగ్గు పట్టింది కదా అని తగిలిస్తే లోపల పాడయ్యేది ఏదో పాడవుతుంది. కాబట్టి అడాప్టర్ మీద అచ్చేసిన బొమ్మ చదవాలి, చదివినా నమ్మకుండా మీటరు పెట్టి చూసుకోవాలి. అసలు బాగుచేసే రోజుల్లో అడాప్టర్ జోలికే పోకుండా కొత్త సెల్లతో పనిచేయడం మేలు.

సెల్లు అన్నాను కదా. అన్నయ్య యంత్రంలో అవి డబ్బాకు అతుక్కుపోయి ఉన్నాయి. స్ప్రింగుల మీద తెల్లటి, ఆకుపచ్చటి పొట్టు. ఆల్కలైన్ సెల్లు కారినప్పుడు వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. క్షారానికి విరుగుడు ఆమ్లం. వంటింట్లోని తెల్ల వెనిగర్ చాలు. దూదికి అద్ది రాస్తే బుసబుసమని చిన్న నురగ వస్తుంది. ఆగిపోయేదాకా రాసి, తరవాత నీళ్లతో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నిమ్మకాయ పనికిరాదా అని అడుగుతారు. అదీ ఆమ్లమే, కానీ దాని గుజ్జూ జిగటా అక్కడే మిగిలిపోతాయి. వెనిగర్ దొరక్కపోతే తప్ప వద్దు. స్ప్రింగు శుభ్రమైనట్టు కనిపించినా తుప్పు లోపలికి తిని ఉంటే కరెంటు సరిగా పోదు. కొత్త సెల్లు వేసినా లో బ్యాటరీ ఎర్రదీపం వెలుగుతుంటే అనుమానించాల్సింది ముందు ఈ స్ప్రింగులనే.

అడుగున నాలుగు స్క్రూలు తీస్తే పెట్టె రెండు చిప్పలుగా విడుతుంది. ఇక్కడ కాస్త నిదానం కావాలి. తెర, కీబోర్డు పై చిప్పలో ఉంటాయి. మెయిన్ బోర్డు కింది చిప్పలో ఉంటుంది. రెండిటికీ మధ్య వైర్లు ఉంటాయి. గబుక్కున లాగితే నలభై ఏళ్ల ప్లాస్టిక్ సాకెట్లు పెళుసుగా విరుగుతాయి. పుస్తకంలా ఎటు తెరుచుకుంటుందో చూసుకుని, ఏ సాకెట్ ఎటు తిరిగి ఉందో ఫోనుతో ఫొటో తీసుకుని అప్పుడు వైర్లు ఊడదీయాలి.

తెరిచాక కళ్లు వెంటనే వెళ్లాల్సింది బోర్డు మీద సోల్డర్ చేసి ఉన్న చిన్న గొట్టం లాంటి బ్యాటరీ మీదికి. 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. పెన్సిల్ సెల్లు మార్చేటప్పుడు మెమరీలో రాసుకున్నవి పోకుండా కాపాడటం దీని పని. సెల్లు ఉన్నంతకాలం వాటి నుంచి చార్జ్ అవుతూ ఉంటుంది. అవి అయిపోయాక ఇది మెల్లగా ఖాళీ అవుతుంది, పూర్తిగా ఖాళీ అయి ఏళ్ల తరబడి పడి ఉన్నాక కారుతుంది. యంత్రం బతికున్నప్పుడు జ్ఞాపకాన్ని కాపాడినదే, వదిలేశాక బోర్డును తినేస్తుంది. దీనిలోంచి వచ్చేదీ క్షారమే. అది కారిన చోటే ఆగదు. గోడకు చెమ్మ ఎక్కినట్టు, ట్రాకుల మీది ఆకుపచ్చ పూత కిందుగా పాకుతుంది. పైకి బోర్డు నిగనిగలాడుతుంటుంది, పూత కింద రాగి నల్లబడి ఉంటుంది.

కాబట్టి అది కారినా కారకపోయినా తీసిపారేయడమే. తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, కాడ్మియం విషం. తీసినదాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. ఇ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. దాని స్థానంలో అదే 3.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెట్టవచ్చు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ అడిగితే సైజు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. కొందరు గడియారాల్లో వాడే లిథియం బిళ్ల పెట్టేస్తారు. పెట్టడం తప్పు కాదు కానీ ఈ సర్క్యూట్ బ్యాటరీని చార్జ్ చేస్తుందని మరిచిపోకూడదు. చార్జ్ చేయకూడని లిథియం బిళ్లకు ఎదురు కరెంటు పోతే ప్రమాదం. మధ్యలో ఒక డయోడ్ ఉండి తీరాలి. డయోడ్ లేకుండా పెట్టిన యంత్రం ఎవరైనా ఇస్తే నేను స్విచ్ వేయను.

ఆ తరవాత కండెన్సర్లు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో ఉండే ద్రవం కాలం గడిచేకొద్దీ ఎండిపోవడమో, రబ్బరు మూత సందులోంచి బయటికి రావడమో జరుగుతుంది. వాసన బట్టి కూడా పట్టేయవచ్చు. సోల్డరింగ్ ఐరన్ తగలగానే కుళ్లిన చేప కంపు కొడితే ఆ కండెన్సర్ కారినట్టే. ఒక్కొక్కటీ పరీక్షించి చెడ్డదాన్నే మార్చాలా, అన్నీ ఒకేసారి మార్చాలా అన్న దాని మీద రిపేరు చేసేవాళ్లలో వాదులాట ఉంది. నా ఓటు అన్నీ మార్చడానికే. ఇవాళ బాగున్న నలభై ఏళ్ల కండెన్సర్ రేపు కారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంకా ఒక మాట, వీటికి ప్లస్, మైనస్ ఉంటాయి. పాతది తీసే ముందు గీత ఎటుందో చూసుకోవాలి.

తీసిన చోట ట్రాకులు చూసుకోవాలి. మీటరును కంటిన్యూటీలో పెట్టి, ఒక కొస ఇటు, ఒక కొస అటు. కుయ్యిమంటే ట్రాకు ఉంది. లేకపోతే తెగింది. తెగిన చోట సన్నటి వైరుతో జంపర్ వెయ్యాలి. మనవాళ్ల సర్వీసు దుకాణాల్లో పిల్లలు రోజూ సెల్‌ఫోన్ బోర్డుల మీద భూతద్దం కింద వేసే జంపర్లతో పోలిస్తే ఇది పెద్ద అక్షరాల పుస్తకం. 1983 నాటి బోర్డు కదా, గీతలు వెడల్పు, కాళ్లు పొడుగు. చేయి తిరగని వారికి కూడా సాధ్యం.

ఇప్పుడు కరెంటు ఇవ్వాలి. పాత రేడియో మెకానిక్కుల దగ్గర సిరీస్ బల్బు అని ఒకటి ఉండేది. రిపేరుకొచ్చిన సెట్టును నేరుగా మెయిన్స్‌కు పెట్టకుండా, మధ్యలో ఒక బల్బు పెట్టేవారు. సెట్టులో షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఈ ఆరు వోల్టుల యంత్రానికీ ఆ బుద్ధే కావాలి. కరెంటుకు హద్దు పెట్టగల పవర్ సప్లై ఉంటే సరే, లేకపోతే సెల్లకూ యంత్రానికీ మధ్య మీటరును మిల్లీ ఆంపియర్లలో పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న మోడల్ 100 వంద మిల్లీ ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. మీటరు అయిదారు వందలు చూపిస్తే వెంటనే తీసేసి షార్ట్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

లోపల ఒక చిన్న కన్వర్టర్ సర్క్యూట్ ఈ ఆరు వోల్టులను రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి ప్లస్ అయిదు వోల్టులు, రెండోది మైనస్ అయిదు వోల్టులు. ప్లస్ అయిదు ప్రాసెసర్‌కీ మెమరీకీ. మైనస్ అయిదు తెరకు. అన్నయ్య యంత్రంలో ప్లస్ అయిదు చక్కగా ఉంది. మైనస్ అయిదు దగ్గర మీటరు సున్నా దగ్గరే తచ్చాడింది. అంటే లోపల అంతా పనిచేస్తూ తెర మాత్రమే ఖాళీగా ఉండే అవకాశం ఉంది. అది ఎలా తెలుసుకోవాలి? తెర కనపడకుండా కంప్యూటరు బతికుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక ముచ్చటైన పరీక్ష ఉంది. రేడియోలో చెప్పడానికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఇది కంటికి కాదు, చెవికి. ముందు కంట్రోల్ కీ, బ్రేక్ కీ నొక్కి పట్టుకుని, వెనక ఉన్న రీసెట్ బటన్ నొక్కాలి. దాంతో మెమరీలోని చెత్తంతా పోయి యంత్రం మొదటినుంచి మొదలవుతుంది. ఇప్పుడు తెర మీద మెనూ ఉందని ఊహించుకోండి. మెనూలో మొదటి పేరు బేసిక్. కర్సర్ దాని మీదే ఉంటుంది. ఎంటర్ నొక్కితే బేసిక్‌లోకి వెళతాం. ఇప్పుడు గుడ్డిగా బీ, ఈ, ఈ, పీ కొట్టి మళ్లీ ఎంటర్. యంత్రం కుయ్యిమని కూసిందా, ప్రాసెసర్ బాగుంది, రోమ్ బాగుంది, మెమరీ బాగుంది, కీబోర్డు బాగుంది. నాలుగు అక్షరాలతో నాలుగు విభాగాలకు సర్టిఫికెట్ ఇచ్చినట్టే. మిగిలింది తెర దారి ఒక్కటే.

అన్నయ్య యంత్రం కూయలేదు. ఆయన నావైపు చూసి, "చెప్పాను కదరా, ప్రాసెసర్" అన్నారు. నేనేమీ అనలేదు. ముందు మైనస్ అయిదు వోల్టుల సంగతి తేల్చాం. ఆ దారిలో తెగిన ట్రాకుకు జంపర్ వేసి, కండెన్సర్ మార్చాక వోల్టేజి వచ్చింది. తెర మీద మెనూ కూడా వచ్చింది. పై వరసలో తేదీ, సమయం, మైక్రోసాఫ్ట్ పేరు. కింద బేసిక్, టెక్స్ట్, టెల్‌కామ్, అడ్రస్, షెడ్యూల్. మెనూ వచ్చిందంటే ప్రాసెసర్ పనిచేస్తోందనే. కానీ కీలు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కర్సర్ కదలదు.

ఇక్కడ చాలామంది కీబోర్డు విప్పుతారు. కీల కింద మకిలి ఉంటుంది నిజమే, ఒకటి రెండు కీలు పనిచేయకపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఓ యాభైసార్లు టకటకలాడిస్తే బాగవుతాయి. కానీ ఒక్క కీ కూడా పనిచేయకపోవడం మకిలి పని కాదు. అప్పుడు తెర పై వరసలో గడియారం చూడాలి. సెకన్లు కదులుతున్నాయా? అన్నయ్య యంత్రంలో కదలడం లేదు. సున్నా గంటలు, సున్నా నిమిషాల దగ్గర కొయ్యబారి ఉంది.

కీబోర్డుకూ గడియారానికీ ఏమిటి సంబంధం? ఈ యంత్రం తయారైన తీరులో ఉంది. గడియారం చిప్పుకు పక్కనే చిన్న గొట్టం లాంటి క్రిస్టల్ ఉంటుంది. మన చేతి గడియారాల్లో ఉండేదే, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని 128తో భాగిస్తే 256. అలా సెకనుకు 256 సార్లు గడియారం చిప్పు ప్రాసెసర్ తలుపు తడుతుంది. 8085 చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆర్ఎస్‌టీ 7.5 ఇంటరప్ట్. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. ఆ తలుపు చప్పుడు విన్నప్పుడల్లా ప్రాసెసర్ చేస్తున్న పని పక్కన పెట్టి, కీబోర్డు మీద ఏదైనా కీ నొక్కారా అని చూసి వస్తుంది. కర్సర్ మినుకుమినుకుమనేదీ ఆ లెక్కతోనే. గడియారం ఆగిపోతే తలుపు తట్టేవాడు లేడు. తట్టేవాడు లేకపోతే కీబోర్డు వంక చూసేవాడు లేడు. కీబోర్డు నిక్షేపంగా ఉండి కూడా చచ్చినట్టే.

భూతద్దం పెట్టి చూస్తే క్రిస్టల్ కాలు ఒకటి పూర్తిగా నల్లబడి ఉంది. పట్టకారుతో తాకగానే విరిగి ఊడొచ్చింది. బ్యాటరీ క్షారం అక్కడిదాకా పాకింది. కొత్త క్రిస్టల్ వెల పది ఇరవై రూపాయలు. పాత గోడగడియారం బోర్డులోంచి తీసినా పనిచేస్తుంది, మేం అదే చేశాం. అతికించి స్విచ్ వేస్తే సెకన్లు కదిలాయి. బాణం కీ నొక్కితే కర్సర్ పక్కకు జరిగింది. బేసిక్‌లోకి వెళ్లి బీప్ కొట్టింది అన్నయ్యే. కూసింది. మళ్లీ కొట్టారు. వదిన వంటింట్లోంచి "ఏమిటండీ ఆ గోల" అనేదాకా కొడుతూనే ఉన్నారు.

అది తేలాక మెనూ అడుగున ఉన్న అంకె చూశాం. ఎంత మెమరీ ఖాళీగా ఉందో అక్కడ బైట్లలో చూపిస్తుంది. మెమరీ మాడ్యూళ్లన్నీ వేయించిన యంత్రంలో అది 29,638. మాకు 21,446 వచ్చింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 8,192, అంటే సరిగ్గా ఎనిమిది కిలోబైట్లు. రెండు అర్థాలు ఉండొచ్చు. కొన్నప్పుడే ఆ ఎనిమిది కిలోబైట్ల మాడ్యూలు వేయించుకోలేదు, లేదా వేయించుకున్నది పలకడం లేదు. బోర్డు మీద చూస్తే దాని సాకెట్ ఖాళీ. అన్నయ్య 24 కిలోబైట్ల రకం కొన్నారన్నమాట. రోగం కాదు, పొదుపు. ఇలా యంత్రం చూపించే అంకెలను ఊరికే వదిలేయకుండా ఒక కూడికో తీసివేతో చేసి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

తేదీ సంగతి మాత్రం బాగుచేయలేం. కొత్తగా లేచిన యంత్రం 1900 జనవరి 1, ఆదివారం అని చూపిస్తుంది. నిజానికి ఆ రోజు సోమవారం. ఇందులో వారం తనంతట తాను లెక్క కట్టుకోదు, మనం విడిగా చెప్పాలి. సంవత్సరం ముందు వచ్చే 19 అనే అంకెలు రోమ్‌లో అచ్చు వేసినట్టు ఉండిపోయాయి. అందుకని 2024 అనాల్సిన చోట 1924 అంటుంది. దీనికి చిన్న ప్రోగ్రాములు రాసినవాళ్లున్నారు. అన్నయ్య అవేవీ వద్దన్నారు, "ఉండనీ, మా నాన్న పుట్టిన కాలం" అని నవ్వేశారు.

ఈ పనంతా ఇంత సాఫీగా సాగడానికి ఒక కారణం చెప్పకపోతే అన్యాయం. టాండీ కంపెనీ ఈ యంత్రానికి సర్వీసు మాన్యువల్ అచ్చువేసింది. సర్క్యూట్ పటం, ప్రతి భాగం పేరూ విలువా, ఏ రోగానికి ఎక్కడ కొలవాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఆర్ఎస్‌టీ 7.5కి ఏ వైరు ఎక్కడినుంచి వస్తుందో ఆ పటంలో వేలు పెట్టి చూపించవచ్చు. ఇవాళ మన జేబులో ఉన్న ఫోనుకు అలాంటి పుస్తకం కంపెనీ సాధారణంగా ఇవ్వదు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్లో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు ఎవరో ఊహించి గీసిన పటాలతో నెట్టుకొస్తున్నారు. బాగుచేసుకునే హక్కు గురించి మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఒక కమిటీ వేసింది. ఆ చర్చలో హక్కు అనే మాట ఎంత వినిపించినా, మెకానిక్కుకు కావాల్సింది ముందు సర్క్యూట్ పటం. అది ఇవ్వకుండా హక్కు ఒక్కటీ ఇస్తే దానితో ఏం సోల్డర్ చేస్తాడు?

యంత్రం బాగయ్యాక ఎలా దాచాలని అన్నయ్య అడిగారు. వాడని రోజుల్లో పెన్సిల్ సెల్లు బయటికి తీసేయండి, అడుగున ఉన్న మెమరీ స్విచ్ ఆఫ్ చేయండి. రాసుకున్నవి పోతాయి, అందుకని ముందే వాటిని బయటికి పంపుకోండి. వెనక ఇరవై అయిదు పిన్నుల సీరియల్ పోర్ట్ ఉంది. యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒకటి, మధ్యలో నల్ మోడెమ్ ముక్క ఒకటి ఉంటే టెల్‌కామ్ ప్రోగ్రాములోంచి ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కు అక్షరాలు చక్కగా పోతాయి. మేం పంపి చూశాం. ఇంగ్లీషు అక్షరాలే సుమా. ఆరు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గడిలో మన 'క్ష్మి'ని ఇరికించడం బిల్ గేట్స్ తరం కూడా కాదు.

ఆ తరవాత అన్నయ్య అసలు ప్రశ్న బయటపెట్టారు. "ఇందులో నేను రాసుకున్నవి ఏమైనా మిగిలాయా?" మెమరీలోవి బ్యాటరీతోనే పోయాయి, అవి రావు. కానీ ఈ యంత్రానికి టేప్ రికార్డరు తగిలించి, రాసుకున్నవి మామూలు ఆడియో క్యాసెట్‌లో దాచుకునేవారు. అట్టపెట్టె అడుగున అలాంటి క్యాసెట్ ఒకటి దొరికింది, పైన ఆయన చేతిరాతతో ఏదో నెల, ఏదో సంవత్సరం. క్యాసెట్ రీలు తిరుగుతోంది, బూజు పట్టలేదు. ఆడిస్తే వినపడేది కీచుమనే చప్పుడే. వాల్యూము సరిగ్గా కుదిర్చితే ఆ చప్పుడునే యంత్రం అక్షరాలుగా చదువుకుంటుంది. ఇంట్లో పాత టేప్ రికార్డరు ఉంది. మూత తీసి చూస్తే బెల్టు కరిగి, తారులా చక్రానికి అంటుకుపోయి ఉంది. చక్రం స్పిరిట్‌తో కడిగి, బెల్టు సైజు దారంతో కొలుచుకున్నాం. ఈ ఆదివారం కాకుండా, దుకాణాలు తెరిచి ఉండే రోజు చూసుకుని కోఠి వెళ్లాలి.